బాకీల లిస్ట్ తీయబోయి లెక్కల మాస్టారి పేరు లిఫ్ట్ పక్కన అంటించిన కథ

మొన్న ఆదివారం జరిగింది, తల కొట్టేసినట్టు అయిన ఫీలింగ్ ఇంకా పోలేదు, అందుకే రాసేస్తున్నా.

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ కట్టనివాళ్ల లిస్ట్ కోసం సెక్రటరీ గారు ప్రతి నెలా రిజిస్టర్ ముందేసుకుని రెండు గంటలు కూర్చుంటారు. "పైథాన్‌లో ప్రోగ్రాం రాస్తే రెండు నిమిషాల పని సార్" అని నోరు జారాను. ఎక్సెల్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేయడం, చదివించడం పది నిమిషాల్లో అయిపోయాయి. బాకీ కాలమ్‌ని మాత్రం ఇంట్‌గా, అంటే పూర్ణాంకంగా మార్చుకోవాలి. సీఎస్‌వీ నుంచి వచ్చేవన్నీ స్ట్రింగులే, అంటే అక్షరాల వరసలే. అలాగే పోలిస్తే మొదటి అక్షరం నుంచి చూసి 900 కన్నా 2500 చిన్నదంటుంది.

తర్వాత కండిషన్. ఫ్లాట్లని ఒక్కొక్కటిగా వరసలో చూసే ఫర్ లూప్ పెట్టి, బాకీ సున్నా ఉన్న ఫ్లాట్‌ని లిస్ట్‌లోంచి రిమూవ్ చేయమన్నాను. అమీర్‌పేటలో పన్నెండు వేలు పోసి నేర్చుకున్నప్పుడు సార్ బోర్డు మీద రాసింది అచ్చంగా ఇదే. ఆరు ఫ్లాట్లతో టెస్ట్ చేస్తే కరెక్ట్‌గా వచ్చింది. మొత్తం 40తో నడిపితే 19 పేర్లు వచ్చాయి. "ఇంతమంది కట్టలేదా!" అన్నారే గానీ సెక్రటరీ గారు రిజిస్టర్ తెరవలేదు. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, పొద్దున్నే లిఫ్ట్ పక్కన అంటించేశారు కూడా.

అందులో 203 మాస్టారు ఉన్నారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఒకటో తారీఖున పాలవాడికన్నా ముందు మెయింటెనెన్స్ కట్టేస్తారు. మీటింగ్‌లో జేబులోంచి రసీదు తీసి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. ఆ లోటు మిగతావాళ్లు తీర్చారు, "సాఫ్ట్‌వేర్ అంటే ఇదేనా బాబూ" అని. నేను చేసేది అకౌంట్స్‌లో, కానీ అప్పుడు చెప్పుకుంటే వినేదెవరు?

ఇంటికొచ్చి కోడ్ ఇరవై సార్లు చదివా. ఎర్రర్ లేదు, తప్పు కనిపించదు. సాయంత్రం మాస్టారే తలుపు కొట్టారు, చేతిలో ఆ నోటీసు, ఎర్ర పెన్ను.

"బాబూ, తప్పుగా పడ్డది ఎనిమిది మంది. ఎనిమిది మందికీ ముందు ఫ్లాటువాళ్లు డబ్బు కట్టేసినవాళ్లే, చూశావా?"

చూస్తే నిజమే. 202 కట్టింది కాబట్టి తీసేశాను. తీసేయగానే 203 జరిగి 202 ఉన్న చోటికి వచ్చేసింది. లూప్ ఏమో ఆ చోటు అయిపోయిందనుకుని తర్వాతి చోటికి వెళ్లింది, అక్కడ 204 ఉంది. 203ని అసలు అడగనే లేదు! నేను టెస్ట్ చేసిన ఆరు ఫ్లాట్లలో కట్టినవాళ్లు ఒకరి పక్కన ఒకరు లేరు, అందుకే దొరకలేదు. మాస్టారికి పైథాన్ అంటే ఏంటో తెలియదు, "రేషన్ క్యూలో ఒకణ్ణి పంపేస్తే వెనకవాడు ముందుకు జరగడూ?" అన్నారంతే.

డిక్షనరీ (ఒక్కో పేరుకి ఒక్కో విలువ జత చేసి దాచుకునేది) అయితే లూప్ మధ్యలో సైజు మారిందని పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. లిస్ట్ విషయంలో నోరు మెదపదు. కోచింగ్ సార్‌ని ఇలాంటివి అడిగితే "ఇంటర్వ్యూలో రాదు" అనేవాడు. ఇంటర్వ్యూలో రాదు, లిఫ్ట్ పక్కన వచ్చింది.

తీసేయడం మానేసి, కావాల్సినవి కొత్త లిస్ట్‌లోకి ఎత్తుకోండి. లిస్ట్ కాంప్రహెన్షన్‌లో ఒక్క లైను: ప్రతి ఫ్లాట్‌కీ, బాకీ సున్నా కన్నా ఎక్కువైతే ఉంచు. సరిగ్గా 11 పేర్లు వచ్చాయి. కండిషన్‌కి సరిపోయేవాటినే ఏరి ఇచ్చే ఫిల్టర్ ఫంక్షన్ కూడా వాడి చూశా, పైథాన్ 3లో అది లిస్ట్ ఇవ్వదు, ఒకసారి తిరిగితే ఖాళీ అయిపోయేదేదో ఇస్తుంది. ఎంతమందో లెక్కపెట్టడానికి ఒకసారి తిప్పేసి, పేర్లు ప్రింట్ చేయబోతే ఒక్కటీ రాలేదు. దాన్ని ముందే లిస్ట్‌గా మార్చేసుకోవాలి, నాకైతే అంత ఓపిక లేక కాంప్రహెన్షన్‌కే వచ్చేశా.

కొత్త లిస్ట్ మాస్టారికి చూపించాకే గ్రూపులో పెట్టాను. రసీదు పుస్తకంతో పోల్చి పదకొండుకీ టిక్కులు పెట్టి, "క్షమించమని కింద ఒక లైను రాయి, లిఫ్ట్ పక్కనే అంటించు" అన్నారు. రాశాను, అంటించాను. సంతకం పెట్టమంటే సెక్రటరీ గారు మాత్రం "తప్పు కంప్యూటర్‌ది కదయ్యా" అంటున్నారు.