పాత సామాన్ల బండిని తప్పుపట్టే ముందు

"మీ దేశంలో ఇవన్నీ రోడ్డు పక్కన పోసి తగలబెడతారట కదా?" జర్మనీలో నేను పనిచేసే, ఎలక్ట్రానిక్ చెత్త విడగొట్టే షెడ్డులో తోటి ఉద్యోగి అడిగిన మాట ఇది. ఎగతాళిగా అడగలేదు, ఏదో వీడియో చూసి బాధపడే అడిగాడు. అయినా గుచ్చుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో వైర్లు కాల్చి రాగి తీయడం, సర్క్యూట్ బోర్డుల్ని యాసిడ్‌లో ముంచడం ఏళ్ల తరబడి సాగిన పనులే. కాని ఆ వీడియోలో కనిపించేది చివరి మజిలీ ఒక్కటే. పాడైపోయిన మిక్సీ, పాత టీవీ మన ఇంటి గడప దాటి అక్కడిదాకా ఎలా చేరాయో అందులో ఉండదు. అది చూపిస్తే ఇక్కడివాళ్లే మన దగ్గర నేర్చుకోవాల్సింది ఉందని తెలుస్తుంది.

ఇక్కడ జర్మనీలో ఊళ్లకి మున్సిపాలిటీ యార్డులు ఉంటాయి. పాత సామాను ఉచితంగానే తీసుకుంటారు. దాన్ని ఆరు గుంపులుగా వేరు చేస్తారు: ఫ్రిజ్‌లు ఏసీలు, తెరలు, దీపాలు, పెద్ద యంత్రాలు, చిన్న పరికరాలు, సోలార్ పలకలు. 400 చదరపు మీటర్లకు మించి ఎలక్ట్రానిక్ సరుకు అమ్మే దుకాణం, 25 సెంటీమీటర్ల లోపు పాత పరికరాన్ని మనం కొత్తది కొనకపోయినా తీసుకోవాలని చట్టం. 2022 జులై నుంచి పెద్ద కిరాణా సూపర్‌మార్కెట్లకూ ఈ బాధ్యత పెట్టారు. ఇంత ఉన్నా, మార్కెట్లోకి వచ్చే సరుకు బరువులో 65 శాతం తిరిగి సేకరించాలన్న యూరోపియన్ యూనియన్ లక్ష్యాన్ని జర్మనీ అందుకోలేకపోతోంది. పాత ఫోన్లు సొరుగుల్లోనే ఉండిపోతాయి. సామాను మోసుకుని యార్డుదాకా వెళ్లాల్సింది ఇంటివాళ్లే, వెళ్లినందుకు చేతికి వచ్చేదీ ఏమీ లేదు. మన వీధిలోకి మైకు పెట్టుకుని బండి వస్తుంది, తూకం వేసి డబ్బిచ్చి మరీ పట్టుకెళ్తుంది. సేకరణ అనే సగం పనిని ఏ చట్టమూ చెప్పకముందే, ఎవరి జీతమూ లేకుండా చేస్తున్న మనుషులు వాళ్లు. వాళ్లని "అనధికార రంగం" అని ఒక్క ముక్కలో తీసిపారేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సామాను చేతికి వచ్చాక జరిగే పనిలో మాత్రం ఇక్కడివాళ్లని మెచ్చుకోకుండా ఉండలేను. ఫ్రిజ్‌నే చూడండి. ముందు కంప్రెసర్ మీది పలక చదువుతారు, లోపల ఏ గ్యాసుందో దాని మీద రాసి ఉంటుంది. పాతవాటిలో ఆర్ 12 అనే సీఎఫ్‌సీ రకం గ్యాసు ఉంటే, అది కిలో గాలిలో కలిసినా 10,000 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. కొత్తవాటిలో ఆర్ 600ఎ ఉంటే అది ఐసోబ్యూటేన్, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. గొట్టానికి సూది బిగించి గ్యాసునీ, దానితో కలిసి ఉండే నూనెనీ మిషన్‌తో లాగేసి, నూనెలో కరిగిన గ్యాసును వేరు చేస్తారు. పని అక్కడితో ఆగదు. పాత ఫ్రిజ్‌లో గొట్టాల్లో ఉన్నదానికంటే గోడల్లోని పసుపు ఫోమ్‌లోనే ఎక్కువ సీఎఫ్‌సీ ఉంటుంది. అందుకే బాడీని గాలి చొరబడని గదిలో ముక్కలు చేసి, ఫోమ్ వదిలే గ్యాసును కూడా పడతారు. మన దగ్గర కంప్రెసర్ రాగి కోసం గొట్టం ఒక్క కటింగ్ ప్లయర్ దెబ్బతో తెగుతుంది, ఫోమ్ చెత్తకుప్పలోకి పోతుంది.

బ్యాటరీల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ. బ్యాటరీ ఉన్న పరికరాన్ని మిగతావాటితో కలిపి పోయరు, దానికి వేరే పెట్టె. లారీలో నొక్కుకుపోతే లిథియం సెల్ లోపలి పొర చిరిగి షార్ట్ అవుతుంది, ఆరిందనుకున్న మంట కొన్ని గంటల తర్వాత మళ్లీ లేవొచ్చు. ఇది మన పాత ఇనప కొట్లో అయినా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయినా పాటించగలిగిన పనే, ఖర్చు కూడా పెద్దగా లేదు. విడి బ్యాటరీకి రెండు కొసల మీదా ప్లాస్టిక్ టేపు వేయాలి. ఉబ్బిన దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, పరికరంలోంచి పెకలించకూడదు. ఇనుప డబ్బాలో పొడి ఇసుక పోసి, ఒకదానికొకటి తగలకుండా అందులో పాతిపెట్టి, ఎండ తగలని చోట, గోడకీ అట్టపెట్టెలకీ దూరంగా ఉంచాలి. మూత గట్టిగా బిగించకూడదు, గ్యాసు వస్తే పోవడానికి సందుండాలి. ఉప్పునీళ్లలో వేస్తే ఛార్జి దిగిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి ముందు కొసలు తుప్పుపట్టి కరెంటు పారడం ఆగిపోవచ్చు, లోపల ఛార్జి అలాగే ఉండిపోవచ్చు. పైగా హైడ్రోజన్ పుడుతుంది.

మరి మన బండివాడు జాగ్రత్తగా ఎందుకు విప్పడు? తెలియక కాదు. పొద్దున చేతి డబ్బుతో కొన్న సరుకు సాయంత్రానికి డబ్బు కాకపోతే మర్నాడు బండి కదలదు. రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి లారీడు సరుకు కావాలి, బిల్లు కావాలి, డబ్బు తర్వాతెప్పుడో ఇస్తాడు. పక్క కొట్టువాడు అప్పటికప్పుడు ఇస్తాడు, కాని రాగికీ అల్యూమినియానికీ మాత్రమే. అందుకే ఫ్రిజ్ పగులుతుంది, వైరు కాలుతుంది. 2022లో తెచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న మన ఇ-వేస్ట్ నిబంధనల్లో రిజిస్ట్రేషన్ తయారీదారుకి, తన బ్రాండు పేరుతో అమ్మే ఉత్పత్తిదారుకి, బాగుచేసి అమ్మేవాడికి, రీసైక్లర్‌కి ఉంది. సేకరించేవాడికి లేదు. విడగొట్టే, రీసైకిల్ చేసే పనివాళ్లని గుర్తించి నమోదు చేయాలని, సంఘాలుగా ఏర్పడేందుకు సాయం చేయాలని రాష్ట్ర ప్రభుత్వాలకు మాత్రం అందులోనే చెప్పారు. ఆ వాక్యాన్ని పట్టుకుని పని మొదలుపెట్టొచ్చు. పుణెలో చెత్త ఏరుకునేవాళ్ల సొంత సహకార సంఘం 'స్వచ్ఛ్' 2008 నుంచి నగరపాలక సంస్థతో ఒప్పందం మీద పనిచేస్తోంది. సేకరించేవాళ్లే యజమానులుగా ఉండొచ్చని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

వార్డుకో చిన్న గోడౌను చాలు, కాని అక్కడ ఆరోజు డబ్బు ఆరోజే ఇవ్వాలి. ధరల పట్టీ తూకం మీద కాకుండా, వస్తువు ఎంత చెక్కుచెదరకుండా వచ్చిందన్న దాని మీద ఉండాలి. గొట్టం తెగని ఫ్రిజ్‌కి తెగినదానికంటే ఎక్కువ. పాత టీవీ పిక్చర్ ట్యూబు మెడ విరగ్గొట్టేది దాని మీది రాగి చుట్ట కోసమే. చుట్టని బిగించిన పట్టీ స్క్రూ వదులుచేస్తే, చేత్తో వెనక్కి లాగితే అది వచ్చేస్తుంది, ట్యూబు పగలదు, గరాటులా ఉండే దాని వెనక భాగం గాజులోని సీసం బయటపడదు. వైర్లలో లావువి చేత్తో తిప్పే స్ట్రిప్పర్‌తో ఒలుచుకోవచ్చు. సన్నవి ఒలిస్తే కూలి గిట్టదు, కాల్చేది వాటినే. వాటిని మూటగట్టి, ముక్కలు చేసి రాగినీ ప్లాస్టిక్‌నీ వేరుచేసే గ్రాన్యులేటర్ ఉన్నచోటికి పంపాలి. కాలిన రాగి నల్లబడి తక్కువ రకంగా అమ్ముడుపోతుంది, ఆ తేడా పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు. బోర్డుల్ని ఫోన్లవి, కంప్యూటర్లవి, పవర్ సప్లైల గోధుమరంగువి అని మూడుగా విడగొట్టి మొత్తంగానే అమ్మాలి. కలిపేస్తే అన్నీ చివరి రకం ధరకే పోతాయి.

ఇచ్చే ఇంటివాళ్లూ చేయాల్సింది ఒకటుంది. ఫోన్ అమ్మేముందు సిమ్, మెమరీ కార్డు తీసి, ముందు అకౌంట్ లోంచి లాగౌట్ అయి, ఆ తర్వాత రీసెట్ చేయాలి. లాగౌట్ మర్చిపోతే లాక్ పడిపోయి, ఇంకా పనిచేసే ఫోను విడిభాగాల కిందే పోతుంది.

ఎవరికీ గిట్టని సామాను కూడా ఉంటుంది: సీసం గాజు, ఫ్రిజ్ ఫోమ్, ట్యూబులైట్లు. తమ వాటా చెత్త రీసైకిల్ అయిందని చూపడానికి ఉత్పత్తిదారులు కొనే సర్టిఫికెట్లు బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కన పుడతాయి, వీటి లెక్కన కాదు. వీటికి మున్సిపాలిటీయే ముక్కకింత అని చెల్లించాలి. ఆ డబ్బు రీసైక్లర్ ఖాతాలో కాదు, ట్యూబు పగలకుండా తెచ్చి అప్పగించిన బండివాడి చేతిలో పడాలి.