ఆర్ఎక్స్ 100: రేస్ దిగట్లేదని కార్బ్యురేటర్ మార్చకండి

మా బండి యమహా ఆర్ఎక్స్ 100, 1994 మోడల్ టూ స్ట్రోక్ బైకు. కిక్ కొడితే లేస్తుంది, హన్మకొండ చౌరస్తా దాకా మంచిగనే పోతుంది. సిగ్నల్ దగ్గర గ్రిప్పు (యాక్సిలరేటర్) వదిలితే మాత్రం రేస్, అంటే ఇంజన్ వేగం, దిగదు. కాసేపు పైనే గుయ్యిమని, ఉన్నట్టుండి పడిపోయి ఆగిపోతుంది. గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేది కార్బ్యురేటర్ కాబట్టి షాపులో ఒకటే మాట: "కార్బ్యురేటర్ కొత్తది ఎక్కియ్యన్నా, ఎందుకీ పరేషాన్?" కొత్తదంటే డూప్లికేటే. ఒరిజినల్ మికుని కంపెనీ కార్బ్యురేటర్‌ను పక్కన పడేసి అది బిగించడానికి మనసొప్పలేదు.

రేస్ అట్లా పట్టుకుని ఉంటే ఇంజన్‌లోకి గాలి ఎక్కువ పోతున్నట్టు. టూ స్ట్రోక్‌లో దీన్ని వదిలేస్తే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అందుకే జెట్ల (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) జోలికి పోకముందే గాలి ఎటునుంచి వస్తోందో వెతికాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ఆరుబయట, స్లోలో నడుస్తుండగా కార్బ్యురేటర్‌కీ రీడ్ వాల్వుకీ (మిశ్రమాన్ని ఇంజన్ లోపలికే పోనిచ్చే రేకు తలుపు) మధ్యనున్న రబ్బరు జాయింటు మీద డబ్ల్యూడీ ఫార్టీ స్ప్రే కొద్దిగా కొట్టాను. శబ్దం మారింది, అంటే గాలి అక్కడినుంచే పోతోంది. విప్పి వేళ్లతో వంచితే కింది వైపు వెంట్రుకంత చీలిక. వంచితే నోరు తెరుస్తుంది, వదిలితే ఏమీ తెలియదు. బండి మీద ఉండగా ఎంత చూసినా కనబడదు.

జాయింటు మారిస్తే సగం రోగం పోయింది. మార్చినా తగ్గకపోతే మాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే రింగు) చూడాలి. క్లచ్ వైపు సీల్ పోతే లక్షణం వేరు: గేర్ ఆయిల్ లాక్కుని పొగ దంచుతుంది.

ఇక కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అదే బౌల్, విప్పితే అడుగున తెల్లటి పొడి, మూలన ఒక నీటి బొట్టు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బర్లను ఉబ్బిస్తుంది, పైగా అదే జెట్‌తో మిశ్రమం కొంచెం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువై పెట్రోల్ చాలదు. నెలల తరబడి నిలబెట్టే బండయితే బౌల్ ఖాళీ చేసి పెట్టడమే మేలు. స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌లో తీగ గుచ్చకండి, ఇత్తడి రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలి పెడితే చాలు.

తర్వాత స్లోలో గాలిని సర్దే ఎయిర్ స్క్రూ. పూర్తిగా లోపలికి, బిగించకుండా తాకేదాకా తిప్పి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి. ఇంజన్ వేడెక్కాక పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, రేస్ ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ ఆపి, ఆపైన స్లో స్క్రూతో తగ్గించుకోవాలి. ఎయిర్ స్క్రూని లోపలికి తిప్పితే పెట్రోల్ వాటా పెరుగుతుంది. చాలామంది తిరగేసి చెప్తారు. రెండున్నర చుట్లు దాటినా కుదరకపోతే పైలట్ జెట్ పెద్దదని అర్థం.

సగం గ్రిప్పు దగ్గర లాగుడు నీడిల్ (గ్రిప్పుతో పాటు లేచే సూది) పని. దాని క్లిప్ కింది గాడికి దింపితే నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ పోతుంది. మధ్య గాడిలోనే ఉంచాను, అక్కడ మంచిగనే ఉంది.

ఫుల్ గ్రిప్పులో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ పరీక్షకు పొద్దున్నే ములుగు రోడ్డు పట్టాను. ఆత్మకూరు దాటాక ఖాళీ దొరికింది. ఫుల్ గ్రిప్పు మీద పోతూ కొద్దిగా వెనక్కి తిప్పితే బండి ఇంకా ముందుకు దూకింది. అంటే మెయిన్ జెట్ చిన్నదే. అక్కడే ఇంజన్ ఆపి, క్లచ్ పట్టి పక్కకు తీసి ప్లగ్ విప్పాను: గోధుమరంగు ఉండాల్సిన చోట దాదాపు తెల్లగా ఉంది. ఎండాకాలం గాలి పలచన కాబట్టి ఇన్నాళ్లు తట్టుకుంది. డిసెంబరు చలిలో గాలి చిక్కనై మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ఇంకో సైజు పెద్ద జెట్ వేయాలి. బయట దొరికే జెట్ల మీద నంబరు ఒకటి, రంధ్రం ఇంకొకటి, అందుకే పాతదాని పక్కన పెట్టి వెలుతురులో చూసి తీసుకోవాలి.

గ్రిప్పు కేబుల్ సర్దినప్పుడల్లా ఇంజన్‌కి ఆయిల్ అందించే ఆటోలూబ్ పంపు మీద గుర్తు కలుస్తోందో లేదో చూడండి. కలవకపోతే ఆయిల్ తక్కువో ఎక్కువో పోతుంది. పంపు తీసేసి పెట్రోల్‌లో ఆయిల్ కలిపేవాళ్లు "జాగ్రత్తకు" అని ఎక్కువ పోస్తుంటారు. అదే జెట్‌లోంచి ఆయిల్ పోయినంత మేర పెట్రోల్ తగ్గుతుందని వాళ్లకు చెప్పి చెప్పి అలిసిపోయాను.