అత్తయ్య ఫోను, పెద్దవాడి ఛార్జర్

పదకొండున్నర అయింది. నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం అత్తయ్య మీద విసుక్కున్నదే గుర్తొస్తోంది.

పెద్దవాడు ల్యాప్‌టాప్ ఛార్జర్ హాల్లో వదిలేసి వెళ్ళాడు. ఆవిడ తన ఫోనుకు అదే పెట్టుకున్నారు. 65 వాట్లది! గుండె గుభేలుమని గభాలున లాగేశాను. "చేతికి అదే అందింది అమ్మాయ్" అన్నారు మెల్లిగా. "పేలితే ఎవరు చూస్తారు?" అని కూడా అనేశాను.

నా భయం 2015 నవంబరు వానలది. కావలిలో మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. నెల్లూరులో వరదని విన్నాం, తమ్ముడి కబురు లేదు. జనరేటర్ ఉన్న ఒక కొట్టులో ఫోనుకు పది రూపాయలు. ఒకే ఛార్జర్‌కు జడపాయల్లా చీలిన తీగలు, ఒక్కోదానికి ఒక్కో రకం పిన్ను. గొడుగు కింద గంటసేపు నిలబడ్డాను. చేతికొచ్చేసరికి ఫోను పెనంలా కాలుతోంది. అయినా "బాగున్నామక్కా" అన్న తమ్ముడి గొంతు వినగానే అక్కడే ఏడ్చేశాను. వారం తిరిగేసరికి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరి ఛార్జర్ వారిదే.

సాయంత్రం కోపం చల్లారాక, పెద్దవాడి ఛార్జర్ మీది చీమల బారు అక్షరాలు కిటికీ దగ్గర కూర్చుని చదివాను. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు ఉంది. 5, 9, 15, 20 వోల్టులు అని వరుసగా ఉంది. ఇలాంటి టైప్-సి ఛార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది, ఫోను అడిగితేనే పెంచుతుంది. ఆంపియర్లు ఎన్ని రాసి ఉన్నా ఫోను తనకు కావలసినంతే తీసుకుంటుంది. రెండింటికీ పొత్తు కుదరకపోతే మెల్లగా ఎక్కుతుంది, అంతే. ఆనాడు నా ఫోనును పాడుచేసింది బహుశా ఆ నాసిరకం ఛార్జరే, పంచుకోవడం కాదు.

అసలు కోపం రావలసింది ఈయన మీద. మెడ దగ్గర తొడుగు చీలి రాగి తీగలు కనిపిస్తున్న కేబుల్‌కు టేపు చుట్టి, ఫోను దిండు కింద పెట్టుకుని మరీ నిద్రపోతారు. వేడి బయటికి పోయే దారే ఉండదు. ఎన్నిసార్లు చెప్పాను! కొత్తది కొని తెస్తే బీరువాలో దాచారు. ఇందాకే లేచి ఆ పాతది కత్తిరించి పారేశాను. రేపు అరిస్తే అరవనీ.

అత్తయ్య ఫోను సగం ఛార్జింగ్‌తో నా బల్ల మీదే ఉండిపోయింది. పెద్దవాడి ఛార్జర్‌కే పెట్టాను. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. పొద్దున్నే ఒంగోలులోని చెల్లెలికి ఫోను చేయనిదే ఆవిడ కాఫీ ముట్టరు. ఆలోపే ఇచ్చేయాలి.