తోకపూస మీద రూపాయంత మచ్చ

జీబీఎస్ అనే నరాల జబ్బు వచ్చి కాళ్లూ చేతులూ పడిపోయినప్పుడు నాకు 46 ఏళ్లు. 5 రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ఊపిరికి భయం లేదని తేలాక ఇంటికి పంపారు. బలం రావడానికి నెలలు పడుతుందన్నారు. పడక పుండ్ల గురించి మాత్రం మాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

12వ రోజు లుంగీ మారుస్తూ మా ఆవిడ ఆగిపోయింది. తోకపూస మీద రూపాయి బిళ్లంత మచ్చ. నాది చామనఛాయ, అందుకే ఎర్రగా కాక నల్లబారినట్టు ఉందట. చుట్టూ వేడి. వేలితో నొక్కినా రంగు మారలేదు. నాకేమో తిమ్మిరి తప్ప నొప్పి తెలియలేదు. రక్తం ఆడుతుందని కొబ్బరినూనె రాసి గట్టిగా మర్దన చేసింది. నాలుగు రోజుల్లో తోలు ఊడి పచ్చిపుండయింది. చూడటానికొచ్చిన పెద్దమ్మ "సరిగ్గా కడగట్లేదేమోనే" అంది. ఆ రాత్రి మా ఆవిడ వంటింట్లో ఏడుస్తుంటే వింటూ పడుకున్నాను, లేచి వెళ్లలేక.

కట్టు కట్టడానికొచ్చిన నర్సమ్మ మొదట చెప్పిన మాట: "అమ్మా, ఇది మురికి వల్ల వచ్చింది కాదు." ఎముకకీ పరుపుకీ మధ్య కండ గంటల తరబడి నలిగితే అక్కడికి రక్తం అందదు, లోపల్లోపలే చచ్చిపోతుంది. మర్దన చేస్తే ఆ నలిగిన కండ ఇంకా చితుకుతుంది. తడి తగిలితే చర్మం నాని తొందరగా తెగుతుంది, అదీ నిజమే. కానీ మేం చేసిన పెద్ద పొరపాటు వేరే ఉంది. నేను కిందికి జారినప్పుడల్లా చంకల్లో చేతులు వేసి పైకి ఈడ్చేవాళ్లు. తోలు పరుపుకి అతుక్కుని అక్కడే ఉంటుంది, ఎముక పైకి జరుగుతుంది. మధ్యలో సన్నటి రక్తనాళాలు సాగి నలుగుతాయి.

అప్పటినుంచి పాత నేత చీర నాలుగు మడతలు వేసి నా కింద పరిచారు. అటు మా ఆవిడ, ఇటు మా అబ్బాయి, కొసలు పట్టుకుని నన్ను ఎత్తి జరిపేవాళ్లు. పగలూ రాత్రీ 2 గంటలకోసారి అలారం. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, అందుకని వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలే వాల్చేవాళ్లు. పిక్కల కింద ఇంకో దిండు, మడమ కింద చెయ్యి దూరేలా. అద్దెకు ఎయిర్ బెడ్ తెచ్చినా తిప్పడం మానొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఎవరో ఇచ్చిన, మధ్యలో చిల్లున్న రబ్బరు చక్రాన్నీ తీయించేసింది. అది చుట్టూ నొక్కి రక్తాన్ని ఆపుతుందట.

చీము పడుతుందని అప్పటిదాకా నాకు పప్పు, గుడ్డు మాన్పించారు. పుండు పూడాలంటే అవే కావాలంది ఆమె. రోజూ రెండు గుడ్లు, ముద్దపప్పు మొదలయ్యాయి. సెలైన్‌తో కడిగి కట్టు కట్టేవారు, స్పిరిట్ దగ్గరికి రానివ్వలేదు.

రెండున్నర నెలలకు పుండు మూసుకుంది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాను. ఆ చోట తోలు ఇంకా పల్చగా, నున్నగా ఉంటుంది. స్నానం చేశాక మా ఆవిడ రోజూ ఒకసారి అక్కడ వేలితో నొక్కి చూస్తుంది.