మూడో బేరింగ్

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ నుంచి ఫోను రాగానే ఏం రాయాలా అని తడుముకోలేదు. ప్రేయర్‌లో మనం ‘బొంగరం’ అని పిలిచిన మనిషి గొంతు గురించి, గోడ అవతలి ఐస్‌గోలా బండి గురించి మీలో ఎవరో ఒకరు రాస్తారు. నాకు మాత్రం మన ఎన్‌సీసీ సార్ మ్యాప్ రీడింగ్ క్లాసు గురించే రాయాలని ఉంది. ఆ రెండేళ్లలో ఇంకేం చదివామో నాకు గుర్తు లేదు.

సార్ టోపో షీట్లు, అంటే గుట్టలూ వాగులూ దారులూ చూపే సర్వే పటాలు, గుర్తున్నాయి కదా, మైదా జిగురుతో గాడా గుడ్డకు అంటించినవి. 18 డిగ్రీల అక్షాంశం మన వరంగల్ మీదుగా పోతుంది కాబట్టి వేయిస్తంభాల గుడి 56 ఎన్ అనే వరుస షీటులో, వరంగల్ ఖిలా దాని కిందుండే 56 ఓలో పడతాయి. రెండూ కిందా మీదా పరిచి, "హనుమకొండోళ్లు పైన, వరంగలోళ్లు కింద కూసోండ్రి" అనేవారు. ఇక బడిలో ఏ తగువైనా పై షీటుకూ కింది షీటుకూ మధ్యనే! పటం మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతకూ, దాని పక్క గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. పద్మాక్షి గుట్ట ఎక్కించి, ఏ గీత మీద నిలబడ్డామో చెప్పించాకే కిందికి దిగనిచ్చేవారు.

ఇక పాకాల చెరువు అడవిలో క్యాంపు. టేకు, నల్లమద్ది, తునికి చెట్ల మధ్య కొంత దూరం పోయేసరికి పశువుల బాటేదో బండ్ల బాటేదో తెలియకుండా పోయింది. కాజీపేట గ్యాంగ్ అప్పటికే ముందుకు ఉరికింది. సార్ విజిల్ వేశారు.

"యాడున్నమో తెల్వకుంట ఎంత నడిస్తే ఏం ఫాయిదా? ఆగుండ్రి. ముందుగాల పటాన్ని నేల తీరుగ తిప్పుండ్రి."

ఒక బండ ఎక్కి చూస్తే మూడు ఆనవాళ్లు దొరికాయి: ఎడమ గుట్ట కొన, కుడి గుట్ట కొన, చెరువు కట్ట చివర. ప్రిజమాటిక్ కంపాసు మూత నిలబెట్టి, ఉంగరంలో బొటనవేలు దూర్చి, ప్రిజానికి కన్ను ఆనిస్తే, మూత అద్దం మీది సన్న గీత సరిగ్గా గుట్ట కొన మీదికి రావాలి. లోపల డయల్ ఊగి ఊగి నిలిచాక అంకె చదవాలి. నాకు 312 వచ్చింది. ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచిన ఈ కోణమే బేరింగ్. గుట్ట నుంచి మనవైపు చూసే ఎదురు దిక్కు కావాలి గనుక 180 తీసేస్తే 132. పటం మీద ఆ గుట్ట నుంచి 132 డిగ్రీల్లో మనవైపు పెన్సిల్ గీత. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా డిగ్రీకి అటూ ఇటూ గనుక ఆ పూటకు దాన్ని వదిలెయ్యమన్నారు.

మూడు గీతలూ ఒకచోట కలవాలి. కలవలేదు. మధ్యలో అర కిలోమీటరు త్రిభుజం వచ్చింది. సార్ ఎవర్నీ ఏమీ అనలేదు, చుట్టూ చూశారు. మూడో బేరింగ్ తీస్తున్న మన దోస్తు ‘డ్రమ్ము’ పక్కనే, మనకు దారి చూపడానికి వచ్చిన పెద్దాయన భుజాన గొడ్డలితో నిలబడి ఉన్నాడు.

"కాకా, జెర ఆ చెట్టు కాడికి జరుగు."

ఇనుము దగ్గరుంటే కంపాసు తప్పు చూపుతుంది మరి. డ్రమ్ము మళ్లీ చదివాడు. ఈసారి త్రిభుజం పెసరగింజంత. "గిండ్లనే ఉన్నం మనం" అని సార్ అందులో పెన్సిల్ మొన ఆనించారు. ఎడమవైపు వాగు ఉండాలన్నారు. పోయి చూస్తే ఉంది! ఆ క్షణం నాకిచ్చిన ధైర్యం తర్వాత ఏ చదువూ ఇవ్వలేదు.

ఇంటరూ పాలిటెక్నిక్కూ అయ్యాక సింగరేణిలో సర్వేయర్‌నయ్యాను. భూగర్భ గనిలో ఉపగ్రహం అందదు, పట్టాలూ యంత్రాలూ ఉన్నచోట కంపాసును నమ్మలేం. గనిలోకి నిలువుగా దిగే షాఫ్టులో బరువులు కట్టిన రెండు తీగలు వేలాడదీసి, పైనున్న దిక్కును వాటి మీదుగా కిందికి దించుకుంటాం. అక్కణ్నుంచి ప్రతి అడుగూ కోణం, దూరం, మళ్లీ కోణం. రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చిన గ్యాలరీలు, అంటే గని సొరంగాలు, నా లెక్క ప్రకారం ఎదురెదురుగా కలిసిన రోజు మేనేజర్ గారు వచ్చి చెయ్యి కలిపారు. నేను ఆయనకు మన సార్ పేరు చెప్పాను.

కమిటీకి ఒక్క విన్నపం. సమ్మేళనం రెండో రోజు పొద్దున్నే పద్మాక్షి గుట్ట ఎక్కుదాం. సర్వే ఆఫ్ ఇండియా 2017 నుంచి అందరికీ అందే ఓపెన్ సిరీస్ షీట్లను నెట్‌లో పెట్టింది, మన రెండు షీట్లూ ప్రింటు తీయించి నేనే తెస్తాను. కంపాసు కూడా నాదే. తాళాల గుత్తులు, ఫోన్లు కింద బండ్లలోనే పెట్టి రండి. డ్రమ్మూ, నువ్వు రాకపోతే కుదరదు, మూడో బేరింగ్ నీదే.