గుమ్మడికాయ మీద చుక్కలు

ఫోన్ మోగుతూనే ఉంది, తియ్యలేదు. గుమ్మం దగ్గర పెట్టే గుమ్మడికాయ మీద రంగు చుక్కలు వేస్తున్నా, వరస మధ్యలో లేస్తే చేతి లయ పోతుంది మరి.

గుమ్మడికాయతో సుఖం ఏంటంటే గీతలు అదే గీసిపెట్టుకుని ఉంటుంది. తొడిమ నుంచి కిందికి దిగే గాడుల మధ్య ఒక్కో గట్టు మీద పెద్ద చుక్కతో మొదలుపెట్టి చిన్నవాటికి దిగుతూ పోతే చాలు, స్కేలూ పెన్సిలూ అక్కర్లేదు. చుక్కలకి బ్రష్ వెనక కొస వాడాను, అదే గుండ్రంగా పడుతుంది.

తొక్క మాత్రం మైనం పూసినంత నున్నగా ఉంటుంది, అలాగే వేస్తే రంగు సరిగ్గా పట్టదు. తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే యాక్రిలిక్ రంగు. అదీ పల్చగా, ఆరాక ఇంకోసారి.

చెక్కిన గుమ్మడికాయలు బాగుంటాయి, కాదనను. కానీ కోశాక కొద్ది రోజుల్లోనే మెత్తబడి బూజు పడతాయి. కొయ్యకుండా రంగేస్తే, దెబ్బ తగలని గట్టి కాయైతే, వారాల తరబడి గుమ్మం దగ్గర ఉంటుంది, వానలో తడవకపోతే.

నారింజ రంగు మొత్తం కప్పేసి తెల్లగా చేసేవాళ్లు మాత్రం నాకు అర్థం కారు. ఫాల్ (ఆకులు రాలే కాలం) అంటేనే ఆ రంగు కదా! నేను తొడిమని కూడా ముట్టుకోలేదు.

రెండోదాని మీద ముదురు నీలం అనుకుంటున్నా. ఎవరైనా వేశారా?