ఎస్టిమేట్‌లో లేని కూలి

"నీ రాత్రులు ఇందులో ఎక్కడున్నాయి?" అని నా ఎస్టిమేట్ చూసి మా మేనేజర్ అడిగితే ముందు నాకు అర్థం కాలేదు.

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర పంపులు తయారుచేసే చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. మెయిల్ సర్వర్ ఆఫీసులోనే ఉండాలని యజమానుల పట్టుదల. ఉన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2016. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. కొత్తగా వచ్చిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌ని పాత దాని మీదే ఎక్కించేద్దామంటే కుదరదు. 2016కి కనీసం 8 జీబీ మెమరీ చాలన్నవాళ్లే ఇప్పుడు 128 ఉండాలంటున్నారు. విండోస్ సర్వర్ కూడా 2019 గానీ ఆ తర్వాతిది గానీ కావాలి. మిషన్ ఎంత చిన్నదైనా దానికి 16 ప్రాసెసర్ కోర్లకు లైసెన్సు కొనాల్సిందే. పాతది నడుస్తుండగానే పక్కన కొత్తది నిలబెట్టి, మెయిల్‌బాక్సులన్నీ అందులోకి మార్చాలి.

మిషన్, డిస్కులు, లైసెన్సులు, బ్యాకప్ అన్నీ ఎస్టిమేట్‌లో రాశాను. మార్చే పని రాత్రుళ్లూ ఆదివారాలూ నేనే చేసేస్తాను కదా, జీతం ఎలాగూ వస్తోంది, దానికి లెక్కేంటి? మేనేజర్ మాత్రం కోప్పడ్డాడు. ఇక్కడి చట్టంలో రోజుకు పది గంటలు మించకూడదు, ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య 11 గంటల విశ్రాంతి ఉండాలి, ఆదివారం పనికి మినహాయింపు కావాలి. "నువ్వు ఊరికే చేసిపెడితే దీని అసలు ఖరీదు మాకెప్పుడు తెలుస్తుంది?" అన్నాడు. నా మంచికే అన్నాడు. అయినా ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ మాట మా నాన్నకీ తగులుతుంది. అమలాపురం దగ్గర కౌలు సాగు మాది. ఆయన పుస్తకంలో దమ్ము, ఊడ్పు, ఎరువులు, కోత, కౌలు బస్తాలు అన్నీ ఉంటాయి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతు నీళ్ల కోసం టార్చిలైటు పట్టుకుని కాలవ గట్టున గడిపిన రాత్రులు ఉండవు. అమ్మ చాకిరీ అసలే ఉండదు. మద్దతు ధర లెక్కల్లో ప్రభుత్వం కూడా ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అని, చేతినుంచి పెట్టిన ఖర్చుకు తోడు ఇంటివాళ్ల కూలికి ఎంతో కొంత విలువ కడుతుంది. 2011 సార్వాకి (ఖరీఫ్‌కి) గిట్టుబాటు కావట్లేదని కోనసీమ రైతులు పంట వేయకుండా క్రాప్ హాలిడే పెట్టినప్పుడు కూడా, మా అరుగు మీద ఎరువుల ధర, కూలి రేట్ల మాటే నడిచింది గానీ సొంత రెక్కల ఊసు ఎవరూ ఎత్తలేదు.

అది వెర్రితనమంటే నేనొప్పుకోను. అదీ లెక్కలో వేసుంటే నాన్న ఏ ఏడూ చేలో దిగేవాడు కాదు, నా ఇంజనీరింగ్ ఫీజు కట్టేవాడూ కాదు. పోనీ, అది ఇంటి సాగు. ఈ పంపుల కంపెనీ నాకేమవుతుంది? ఆ ప్రశ్నే మింగుడుపడలేదు.

గంటలు కూడా వేసి ఎస్టిమేట్ మళ్లీ పంపాను. యజమానులు 128 జీబీ గురించి నోరెత్తలేదు. బేరమంతా నా గంటల మీదే పెట్టారు. మేనేజర్ ఒక్క గంట కూడా తగ్గనివ్వలేదు. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి శనివారం ముగించాలని రాసిచ్చాడు. ఆదివారం సర్వర్ గది తాళం తన దగ్గరే ఉంచుకుంటాట్ట.